పదకొండో తేదీ దినం

ఆ రోజుల్లో మా యానాం కుర్రాళ్ళకి తేదీల విషయంలో కాస్త గర్వం ఉండేది. దేశంలో అందరికీ స్వాతంత్ర్యం ఒక్కసారే వచ్చింది. మాకు విడతలవారీగా వచ్చింది. ఆగస్టు పదిహేను అందరితోపాటు మాదే. మర్నాడు పదహారు, ఫ్రెంచివాళ్ళు కాగితాల మీద కూడా మమ్మల్ని వదులుకున్న రోజు, అదీ మాదే. నవంబరు ఒకటి, కాగితాల సంగతి తర్వాత చూసుకుందామని ముందుగా పెత్తనం అప్పగించిన రోజు, అదీ మాదే (ఆ రోజే గోదావరి చుట్టుపక్కల ఆంధ్రా వాళ్ళకి కూడా ఏదో పండుగ ఉండేది గానీ, మాది ముందు అని మేం దెప్పేవాళ్ళం). ఇవి కాక జూన్ పదమూడు అచ్చంగా యానానికే చెందిన రోజు. ఈ మాట పుదుచ్చేరిలో ఎవరికైనా చెబితే "అప్పుడియా?" అని, అంటే అలాగా అని, మర్యాద కోసం ఆశ్చర్యపోతారు. ఇన్ని తేదీలు కంఠతా పట్టి, పరీక్ష రాసి, గుమాస్తాగిరీ సంపాదించి, ఒక సూట్‌కేసూ ఆవకాయ జాడీతో పుదుచ్చేరిలో బస్సు దిగిన నాకు ఇంకో తేదీ నేర్పే మొనగాడు ఉంటాడని అప్పుడు తోచలేదు. ఉన్నాడు. కోసపాళయంలో, బొత్తాలన్నీ పెట్టుకుని కుర్చీలో కూర్చుని, నా కోసమే ఎదురుచూస్తున్నాడు.

నేను ఉప్పళంలో ఒక మేడమీద గది అద్దెకి తీసుకున్నాను. కింద వాటాలో ఉండే ఇంటావిడని అక్కా అని పిలిచేవాణ్ణి. వాళ్ళది ఎన్ని తరాల కిందటో ఇక్కడికి వచ్చేసిన తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగే మాట్లాడతారు, చదవడం మాత్రం ఎవరికీ రాదు. అక్క తెలుగులో సగం అరవం, నా తెలుగులో సగం 'అండి'. మొదటి నెల మేమిద్దరం ఎక్కువగా చేతులతోనే మాట్లాడుకున్నాం. "యాడికి పోతా ఉండావు తమ్ముడూ? సీక్రం వచ్చెయ్, రసం పెట్టి ఉండా" అనేది. నేను రసం దాకా అర్థం చేసుకుని మిగతాది ఊహించుకునేవాణ్ణి. నాకు జ్వరం వచ్చి వారం పడుకుంటే గంజి కాచి మేడమీదికి తెచ్చిపోసిన మనిషి ఆవిడ. ఆవిడ అడిగితే ఏ పనైనా చేస్తానని ఆ గంజి మీద ప్రమాణం చేసుకున్నాను. అడిగే రోజు నవంబరు మొదటి వారంలో వచ్చింది.

ఆ సాయంత్రం అక్క మెట్లెక్కి వచ్చి, గోడకి నేను తగిలించిన తెలుగు క్యాలెండరు ముందు నిలబడింది. అక్షరాలు రావు గానీ అంకెలు వచ్చు కదా, పదకొండు మీద వేలు పెట్టింది. "తమ్ముడూ, ఆ పొద్దు మా నాయన దినం. నినైవు దినం. నువ్వు రావాల" అంది. మా గోదావరి వైపు దినం అంటే ఒకటే అర్థం. మనిషి పోయాక చేసే దినం. ఒకవేళ అనుమానం ఉన్నా, 'నినైవు' అనే మాట దాన్ని తీర్చేసింది. ఈ ఊళ్ళో ఏ గోడ చూసినా పోయినవాళ్ళ ఫొటోలతో పోస్టర్లు, వాటి మీద పెద్ద అక్షరాలతో నినైవు అంజలి. నేను కూడబలుక్కుని చదవగలిగిన మొదటి అరవ మాటే అది. పైగా అక్క వాళ్ళ హాల్లో మిలిటరీ దుస్తుల్లో ఒకాయన ఫొటో, దానికి గంధపు చెక్కల దండ రోజూ చూస్తూనే ఉన్నాను. ఇంకేం కావాలి?

"తిథి ప్రకారం కాదాండి, తేదీ ప్రకారమే చేస్తారా?" అన్నాను, నా పరిజ్ఞానం కాస్త చూపించుకుందామని.

"తిథి ఏంది? యా ఏడైనా పదకొండే. తెల్లోళ్ళు పెట్టిన తేదీ, మనమెట్ట మారస్తాం?"

ఫ్రెంచి పాలన ప్రభావం పితృకార్యాల దాకా వచ్చిందన్నమాట అని లోలోపల అబ్బురపడ్డాను. అక్క ఇంకా చెప్పింది. పోయిన ఏడు తప్పిపోయిందట. "నాయన శానా బాధపడిపోయినాడు తమ్ముడూ. ఈ ఏడూ తప్పితే ఆయన మనసు నిలవదు." (అయ్యో, ఆత్మ శాంతించలేదు పాపం అనుకున్నాను.) సరిగ్గా పదకొండు గంటలకి జరగాలట, ఒక్క నిమిషం కూడా దాటకూడదట. దొరలు వస్తారట, బ్యాండు ఉంటుందట. (ఎంత ఘనమైన దినమో అనుకున్నాను.) "మా ఇంటాయనకి సేదరపేట్‌లో షిఫ్టు. ఆ కంపెనీలో లీవు ఇయ్యరు. మగతోడు ఒకటి ఉండాల. నువ్వు పది గంటలకి కోసపాళయం వచ్చెయ్, మా నాయన ఇంటికి. నేను ముందురోజే పోతా. నిన్నే నమ్ముకోనుండా." కుర్చీలు వేయడానికి, విస్తళ్ళు తియ్యడానికి మగతోడు కావాలి కదా అని నాకు నేనే సర్దిచెప్పుకుని, తప్పకుండా వస్తానండి అన్నాను. గొంతులో దుఃఖం కూడా కాస్త పలికించాను. అక్క నన్ను కొంచెం వింతగా చూసి మెట్లు దిగింది.

ఇక ఆఫీసులో సెలవు సంగతి. మా సూపరింటెండెంటు గారు అరవాయన, మంచివాడే గానీ కారణం వినకుండా పర్మిషన్ ఇచ్చే అలవాటు లేదు. నేను తల వంచుకుని "దినం ఉంది సార్" అన్నాను.

"ఎన్న దినం?"

"పెద్దాయన దినం సార్. పదకొండో తేదీ."

ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని ఆలోచించారు. "పద్నాలుగు పిల్లల దినం. అది తెలుసు. పెద్దవాళ్ళకి కూడా ఒక దినం పెట్టారా గవర్నమెంటు?" అన్నారు, ఇంగ్లీషూ అరవమూ కలిపి. అందరికీ ఒకరోజు వస్తుంది కదా సార్ అన్నాను నేను వేదాంతంగా. ఆయన నా ముఖం చూసి జాలిపడి సంతకం పెట్టేశారు. ఇప్పుడు తల్చుకుంటే, ఆ ఒక్క మాట దగ్గర ఇద్దరం రెండు నిమిషాలు ఆగి ఉంటే నా పరువు దక్కేది. కానీ భాష అర్థం కావడం లేదని ఒప్పుకోవడం కన్నా అర్థమైనట్టు తల ఊపడమే తేలికని ఆ వయసులో గట్టి నమ్మకం.

పదకొండో తేదీ పొద్దున్నే లేచి తలస్నానం చేశాను. మా నాన్న పెట్టిచ్చిన తెల్ల పంచె కట్టాను (కట్టాను అనడం గొప్ప; చుట్టుకున్నాను). టిఫిన్ తినలేదు. ఎందుకంటే దినం భోజనం అంటే మా వైపు గారెలు ఖాయం, గారెలకి కడుపులో చోటు ఉంచుకోకపోవడం పోయినవాళ్ళకే అగౌరవం. పది గంటలకి రమ్మంది అక్క. కానీ నా అనుభవంలో ఏ దినమూ చెప్పిన టైముకి మొదలైన పాపాన పోలేదు. బ్రాహ్మడు పదకొండుకి వస్తాడు, వంట పన్నెండుకి దిగుతుంది, విస్తరి ఒంటిగంటకి పడుతుంది. అందుకని తాపీగా బయల్దేరి, దారిలో పూలమ్మే ఆవిడ దగ్గర ఆగి, చామంతులూ గులాబీలూ కలిపిన నిండైన దండ ఒకటి కట్టించాను. ఆవిడ దారం ముడివేస్తూ ఎవరు పోయారని అడిగింది. "తెలియనాయన" అన్నాను. పాపం ఆవిడకి ఏమర్థమైందో, ఇంకో మూర దండ ఎక్కువ కట్టింది.

నేను కోసపాళయం చేరేసరికి పదిన్నర. కుట్టుమిషను దుకాణం పక్కన చిన్న పెంకుటిల్లు. షామియానా లేదు, కుర్చీలు లేవు, పొయ్యి వాసన లేదు. అరుగు మీద ఒక్క కుర్చీలో ఒక ముసలాయన నిటారుగా కూర్చుని ఉన్నాడు. నల్లకోటు, తలకి ఓరగా పెట్టిన మెత్తటి టోపీ, గుండెల మీద వరసగా పతకాలు. పోయినాయనకి అన్నగారై ఉంటాడు, అదే పోలిక అనుకున్నాను. చెప్పులు విడిచి, దండ ఉన్న ప్లాస్టిక్ కవరు వెనక దాచి, అరుగు అంచున కింద కూర్చున్నాను. పరామర్శకి వెళ్ళినప్పుడు మౌనంగా ఉండకూడదని మా అమ్మ చెబుతూండేది.

"పెద్దాయన పోయి ఎన్నాళ్ళయిందండి?" అన్నాను.

"ఎవరు పోయింది?"

"అదేనండి, అక్కగారి నాన్నగారు."

ముసలాయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. "నేనే గదా ఆ పాప నాయన. యాడికి పోయినా? ఈడనే ఉండా. పది నుంచి నీకోసరం ఈడనే కూర్చోనుండా!"

భూమి చీలి నన్ను మింగేస్తే బాగుండును అనిపించింది. కానీ కోసపాళయం నేల గట్టిది, మింగలేదు. అంతలో అక్క లోపల్నుంచి పరుగున వచ్చింది, కళ్ళనిండా నీళ్ళు. "ఏంది తమ్ముడూ ఇంత లేటు? పదికి రమ్మంటినే! బీచ్ రోడ్డుకి పోవాల, ఆడ సొల్దాలందరూ వచ్చేసుంటారు!" అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు. సొల్దా అంటే ఈ ఊళ్ళో ఫ్రెంచి సైన్యంలో పని చేసి పింఛను తీసుకునే మనిషి. ఫ్రెంచివాళ్ళు కట్టిన యుద్ధ స్మారకం దగ్గర ఏటా నవంబరు పదకొండున, సరిగ్గా పదకొండు గంటలకి, యుద్ధంలో పోయినవాళ్ళని తలుచుకుంటారు (నినైవు అంటే ఆ తలపే). పదకొండో నెల పదకొండో తేదీ పదకొండు గంటలకి మొదటి ప్రపంచ యుద్ధం ఆగిందని నేనూ పరీక్ష కోసం బట్టీ పట్టి ఉన్నాను. అది పుస్తకంలోంచి లేచి వచ్చి మా వీధి చివర నిలబడి ఉంటుందని ఎవరనుకున్నారు? వాళ్ళ దేశంలో ఆ రోజు సెలవట. ఇక్కడ సేదరపేట్ కంపెనీకి ఆ సంగతి తెలియదు. పోయిన ఏడు ఈ తాత ఆస్పత్రిలో ఉండి తప్పిపోయాడు. ఈ ఏడు మోకాళ్ళు పోయాయి, పట్టుకునే మనిషి లేకపోతే నిలబడలేడు. అక్కకి మగతోడు కావాల్సింది విస్తళ్ళకి కాదు, ఆయన చెయ్యి పట్టుకోవడానికి.

"కర్ర తెచ్చుకోరాదా అండీ?" అన్నాను ఆటోలోకి ఎక్కిస్తూ.

"కర్రతో సొల్దా నిలుస్తాడా? నువ్వే నా కర్ర. యా ఊరు నీది?"

"యానామండి."

"మాటకి మాట అండి అంటా ఉంటే అప్పుడే అనుకొంటి" అన్నాడు. ఆ క్షణం నుంచి నా పేరు యానాం అయిపోయింది. అక్క చూపు నా ప్లాస్టిక్ కవరు మీద పడింది. దండ ఎవరికి అని అడిగింది. స్మారకానికండి అన్నాను, ఏ తడుములాటా లేకుండా. నా జీవితంలో అంత చురుగ్గా అబద్ధం ఇంకెప్పుడూ రాలేదు. తాత మీసం ఒక పక్కకి కదిలింది.

ఆటో సందుల్లో పడి, ఎదురొచ్చే ఎడ్లబండికీ స్కూటర్లకీ దారిచ్చి, బీచ్ రోడ్డు దగ్గరికి వచ్చేసరికి అడ్డంగా బారికేడు. ఆ పూట బండ్లు వదలరట. ఇంకా రెండు వీధుల దూరం ఉంది. తాత గడియారం చూసుకున్నాడు. అంతవరకూ గదమాయిస్తున్న మనిషి, చిన్నగా "పోలేమేమో పాపా" అన్నాడు కూతురితో. నేను గనక పదికి వచ్చి ఉంటే! "పోతామండి, నన్ను పట్టుకోండి" అని ఆయన చెయ్యి నా ఎడమ భుజం మీద వేసుకున్నాను. ఒక పక్క నేను, ఒక పక్క అక్క. నాలుగు అడుగులు వేశామో లేదో, మా అడుగులు ఒకదానికొకటి అడ్డం పడ్డాయి. తాతకి విసుగొచ్చింది. "ఇట్ట కాదు యానాం. నేను సెప్పినట్టు ఎయ్యి. గోష్! ద్రువాత్! గోష్! ద్రువాత్!" ఎడమ, కుడి అన్నమాట. నిజం చెబుతున్నాను, ఆ మాటలు నోట్లోంచి రాగానే ఆయన మోకాళ్ళకి వయసు తగ్గింది. నా పంచెకి మాత్రం ఆ క్రమశిక్షణ పట్టలేదు. మూడో ద్రువాత్‌కి కుచ్చెళ్ళు జారాయి. ఒక చేత్తో తాతని, ఒక చేత్తో పంచెని, నోటితో దండ కవరుని పట్టుకుని నేను చేసిన కవాతు చూసి ఒక ట్రాఫిక్ పోలీసు తల పక్కకి తిప్పుకున్నాడు. నవ్వాడో, గౌరవించాడో ఇప్పటికీ తెలియదు.

స్మారకం తెల్ల స్తంభాలు కనిపించాయి. రోడ్డుకి ఇటువైపు ఉన్నాం, అటువైపు తాడు కట్టి ఉంది, తాడు లోపల టోపీల ముసలాళ్ళు వరసగా నిలబడి ఉన్నారు. రోడ్డు సగం దాటాం, ఇంకో ఇరవై అడుగులు ఉంటుందేమో, అప్పుడు మోగింది బూర. తాత టక్కున ఆగిపోయాడు. "దాటేద్దామండి" అన్నాను గుసగుసగా. "కదలొద్దు" అన్నాడు. నా భుజం మీంచి చెయ్యి తీసేశాడు. ఎవరి సాయమూ లేకుండా రోడ్డు నడిమధ్య నిటారుగా నిలబడి సెల్యూట్ చేశాడు. సముద్రం తప్ప ఏదీ శబ్దం చేయడం లేదు. ఆ మహా నిశ్శబ్దంలో, పొద్దుట్నుంచి గారెల కోసం కాచుకుని ఉన్న నా కడుపు ఒక్కసారి గర్జించింది. మామూలుగా కాదు, తాడు లోపలి వరసలో ఒకాయన వెనక్కి తిరిగి చూసేంత గట్టిగా. నేను ఊపిరి బిగబట్టాను. అది ఇంకా దీర్ఘంగా ఏదో రాగం తీసింది. అక్క పెదవి కొరుక్కుంది. తాత కళ్ళు ముందుకే ఉన్నాయి, కానీ చెంప మీద ఒక్క కన్నీటి చుక్క జారుతూండగానే ఆయన పొట్ట నవ్వుతో కదలడం నేను చూశాను. ఏడుపూ నవ్వూ ఒకే మనిషిలో ఒకేసారి అలా చూడడం అదే మొదలు.

వెనక్కి తిరిగి చూసిన ఆ టోపీ ఆయన తాతని గుర్తుపట్టాడు. నా కడుపు పుణ్యమే అనాలి. రెండు దేశాల జాతీయగీతాలూ అయ్యాక, దొరలు రిబ్బన్లు కట్టిన గుండ్రటి పూలచక్రాలు పెట్టి వెళ్ళాక, ఆయనే వచ్చి తాడు ఎత్తి పట్టుకున్నాడు. తాత నా చేతిలోంచి దండ తీసుకున్నాడు. గోష్, ద్రువాత్ అని నేనే మెల్లగా చెప్పాను. ఆ బొద్దు చామంతుల దండ, ఎవరి ఫొటోకో వేద్దామని తెచ్చింది, ఆ చక్రాల పక్కన పెట్టి తాత చాలాసేపు తల వంచుకుని నిలబడ్డాడు.

తర్వాత సముద్రం గట్టు మీద కూర్చున్నాం. అక్క మంచినీళ్ళు తేవడానికి వెళ్ళింది. "ఇప్పుడు నిజం సెప్పు యానాం. దండ ఎవరికి తెచ్చినావు?" అన్నాడు తాత.

దాచి లాభం లేదు. "మీకేనండి" అన్నాను. మా వైపు దినం అంటే ఏమిటో కూడా చెప్పాను.

పతకాలు గలగలలాడేలా నవ్వాడు. నవ్వి నవ్వి, కోటు చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. "నీది తప్పేం కాదులే. ఇంట్లో ఫొటో చూసినావే, దండ ఏసింది? అది మా పెద్దనాయన. ఆ మొదటి యుద్ధానికి కప్పల్లో పోయినాడు." (కప్పల్ అంటే ఇక్కడ ఓడ, ఆ మాట అప్పటికే తెలుసు గనక ఆ రోజుకి రెండో అపార్థం తప్పింది.) "తిరిగి రాలా. యాడ సచ్చినాడో, యా పొద్దు సచ్చినాడో ఒకరూ సెప్పలా. తిథి లేదు, తేదీ లేదు. మా అవ్వ కూడు ఎప్పుడు పెట్టాలని ఏడ్చేదంట. అప్పుడు మా నాయన, యుద్ధం నిలిచిన పొద్దే మా అన్నకి దినం అని పెట్టేసినాడు. నాకూ అదే సెప్పి పోయినాడు. నేనూ పోయి సొల్దా అయితి. నా కూడా ఉన్నోళ్ళు శానామంది పోయినారు, ఆ అందరికీ ఇదే దినం. మీ ఊళ్ళో అనే దినమే ఇది, యానాం. నువ్వే సరిగ్గా తెచ్చినావు దండ."

అంతలో నా కడుపు మళ్ళీ గర్జించింది. "ముందు దీనికి దినం పెట్టాల పాపా!" అని తాత, నీళ్ళతో వస్తున్న అక్కకి దూరం నుంచే అరిచాడు. కోసపాళయం తిరిగి వెళ్ళాక అక్క వడలు వేసింది. గారెలే. ఎన్ని తిన్నానో చెప్పను, అక్క మాత్రం ఇప్పటికీ చెబుతుంది.

మర్నాడు ఆఫీసులో సూపరింటెండెంటు గారు తమిళ పేపరు నా బల్ల మీద పరిచారు. స్మారకం ఫొటో. మూలన నేను, నోట్లో కవరు, చేతిలో పంచె, భుజం మీద తాత. "పోయారన్న పెద్దాయన ఈయనేనా?" అని అడిగారు. అవును సార్ అన్నాను. "ఆరోగ్యంగా ఉన్నారు. సంతోషం" అని పేపరు మడిచి లోపలికి వెళ్ళిపోయారు. నా పర్మిషన్ గురించి ఆయన మళ్ళీ ఎప్పుడూ మాట్లాడలేదు, నవ్వకుండా నా వంక చూడనూ లేదు.

ఆ తర్వాత చాలా ఏళ్ళు నవంబరు పదకొండున నేను ఆయన కర్రనయ్యాను. ఎప్పుడూ పదికి ముందే వెళ్ళాను, టిఫిన్ తినే వెళ్ళాను. తాత పోయింది ఒక ఎండాకాలం. తిథి ఉంది, తేదీ ఉంది, అన్నీ పద్ధతిగా జరిగాయి. అయినా ఆ ఏడు నవంబరు మొదటి వారంలో అక్క మెట్ల కింద నిలబడి, "తమ్ముడూ, పదకొండో తేదీ నాయన దినం. రావాల" అంది. ఈసారి ఆ మాటకి రెండు అర్థాలూ సరిపోయాయి. ఇద్దరం మెట్ల మీదే కూర్చుని ఏడ్చాం.

ఇప్పుడు నేనే ఆ సూపరింటెండెంటు కుర్చీలో ఉన్నాను. నా తెలుగులోకి 'యాడ' వచ్చేసింది, అండి సగం పోయింది; యానాం వెళ్తే మా వాళ్ళు నవ్వుతారు. ఎవరైనా కుర్రాడు సెలవు అడగడానికి వచ్చి తల వంచుకుంటే, ఏ దినం అని తప్పకుండా రెండుసార్లు అడుగుతాను. మొన్న కూడా పదకొండో తేదీ పొద్దున్నే పూల దుకాణం దగ్గర ఆగాను. పాత ఆవిడ లేదు, ఆవిడ కోడలు కూర్చుంటోంది. దారం ముడివేస్తూ, అత్తగారిలాగే, ఎవరు పోయారని అడిగింది. మా తాత అన్నాను. దండ తీసుకుని బీచ్ రోడ్డు వైపు నడుస్తుంటే, పక్కన ఎవరూ లేకపోయినా, నా ఎడమ భుజం కాస్త కిందికి వంగే ఉంది.